పాటలోంచి పాటను తీసేస్తే

ఆ స్పీకర్ల ఫ్యాక్టరీలో ఆయన్ని అందరూ ‘చెవిగారు’ అనేవారు. తయారైన స్పీకరు ముందు కూర్చుని ఒక పాట వినడం, బాగుందో లేదో తేల్చడం, ముప్పై ఏళ్లుగా ఇదే ఆయన పని. అన్నగారి కూతురు అక్కడే కొలతల గదికి ఇంజనీరుగా వచ్చాక ఆ పని సగానికి సగం యంత్రాల పాలైంది. అయినా ఇద్దరి మధ్యా పొరపొచ్చాలు లేవు. మధ్యాహ్నం ఒకే బల్ల దగ్గర తినేవారు, ఒకరి పనిని ఒకరు వేళాకోళం చేసుకునేవారు.

కొత్త మోడల్లో మొదటి విడత రెండు వందల స్పీకర్లు తయారయ్యాయి. యంత్రం అన్నింటికీ పచ్చదీపం వెలిగించింది. చెవిగారు మాత్రం పన్నెండింటిని పక్కకు జరిపారు.

“ఏమైంది బాబాయ్ వీటికి?”

“ఆవిడ గొంతు గీసుకుపోతోందమ్మా.”

ఆవిడంటే ఆయన రోజూ వినే పాటలోని గాయని. ఆ పాటలో పియానో, లోతైన డ్రమ్ము, వాటి మీద ఆవిడ గొంతు, అంతే. మరో పాట పెట్టమంటే ఆయన ఒప్పుకోరు.

మేనేజరు వచ్చాడు. చెడ్డవాడేం కాదు, తొందరలో ఉన్నాడు. “మొన్న చెవుల డాక్టరు ఏం రాశాడండీ? కీచుమనే సన్నటి శబ్దాలు మీకు సరిగ్గా వినబడట్లేదనేగా? శుక్రవారానికి సరుకు వెళ్లిపోవాలి. అప్పటిదాకా చూడండి.”

చెవిగారు తల దించుకున్నారు. ఆ కాగితం సంగతి అన్న కూతురికి అప్పుడే తెలిసింది.

ఆమె ఆ పన్నెండింటినీ మళ్లీ కొలిచింది. అడుగు స్వరం నుంచి పై స్వరం దాకా సాగే ఒంటరి కూతను స్పీకరులో పెట్టడం, అందులో లేనిది ఏమైనా పలికిందేమో చూడటం, యంత్రం పద్ధతి ఇది. అన్నీ కడిగిన గాజులా ఉన్నాయి. బాబాయ్‌కి వయసు మీద పడిందేమోనని ఆమెకీ ఒక్క క్షణం అనిపించింది. అనిపించినందుకు సిగ్గేసింది.

“ఈ కూతలో నీకేమైనా తేడా వినిపిస్తోందా బాబాయ్?”

“కూతలో ఏం తెలుస్తుందే? సందులో ఒక్కడే నడుస్తుంటే తోపులాట ఎందుకుంటుంది? పాట పెట్టు.”

ఆమె చేతిలో పెన్ను ఆగిపోయింది. నిజమే కదా! పాటలో వంద స్వరాలు స్పీకరు లోపల శబ్దం పుట్టించే ఒకే అట్టగరాటు మీద ఒకేసారి ఊగుతాయి. అయితే పాటతోనే కొలవాలి. స్పీకరు ముందు మైకు పెట్టి పాటను రికార్డు చేసి, అందులోంచి అసలు పాటను తీసేయాలి. మిగిలేది స్పీకరు తన సొంతంగా కలిపింది.

చెప్పడానికి రెండు ముక్కలే. మొదటి రోజు తీసేసి చూస్తే పాట మొత్తం మిగిలింది, నీళ్లు కలిపినట్టు పలచగా. శబ్దం మైకు చేరడానికి పట్టే సమయం లెక్కలోకి రాలేదు. అది సరిచేస్తే ఇంకో చిక్కు. ప్రతి స్పీకరూ కొన్ని స్వరాలను కాస్త పెంచుతుంది, కొన్నింటిని తగ్గిస్తుంది. అది దాని తీరు, తప్పు కాదు. ముందు అసలు పాటను ఆ తీరుకు సరిపెట్టి, తర్వాత తీసేయాలి. ఏసీ గాలి కూడా లెక్క చెడగొడుతోందని దాన్ని ఆపేసింది. చెమటలు కక్కుతూ గురువారం మధ్యాహ్నానికి దారికి తెచ్చింది.

ముందు మంచి స్పీకరు. మిగిలినదాన్ని వంద రెట్లు పెంచింది. గోడ అవతల ఎవరో ఊపిరి పీలుస్తున్నట్టు ఓ చిన్న సవ్వడి. తర్వాత, చెవిగారు పక్కన పెట్టినవాటిలో ఒకటి.

డ్రమ్ము ఒక్కటే మోగినప్పుడు దాదాపు ఏమీ లేదు. ఆవిడ ఒక్కతే పాడినప్పుడూ అంతే. రెండూ కలిసిన చోట మాత్రం మూడోది పుట్టింది! డ్రమ్ము కాదు, గొంతు కాదు. చినుగుతున్న కాగితానికి పాడటం వస్తే ఎలా ఉంటుందో అలా. ఆవిడ సాగితే సాగింది, ఆవిడ ఆగితే ఆగింది. ఏ వాద్యకారుడూ వాయించని, ఏ కాగితం మీదా రాయని సంగీతం.

ఆమె హెడ్‌ఫోన్లు బాబాయ్‌కి అందించింది. ఆయన కళ్లు మూసుకున్నారు. పాట పూర్తయ్యాక కూడా తెరవలేదు.

“ఇదేనమ్మా,” అన్నారు చివరికి. “ఇన్నేళ్లూ దీన్ని పాట అడుగున విన్నాను. పాట లేకుండా, ఇది ఒక్కటే… ఇలా వింటానని కలలో కూడా అనుకోలేదు.”

ఆ స్పీకరు విప్పి చూశారు. అట్టగరాటు అంచున గోరంత మేర జిగురు అంటలేదు. డ్రమ్ము అట్టను చివరిదాకా నెట్టినప్పుడే ఆ అంచు వదులవుతోంది. ఆ క్షణంలో పాడుతున్న గొంతు దానికి చిక్కి చిరుగుతోంది. చెవిగారి చెవులకు కరువైనవి కీచుమనే సన్నటి శబ్దాలు. ఈ చిరుగు శ్రుతి వాటికి చాలా కిందే ఉంది.

మేనేజరు ఒకసారి విన్నాడు. మళ్లీ పెట్టమన్నాడు. “ఇది మన స్పీకరులోంచి వస్తోందా?” అని గొణిగి, సరుకు ఆపమని ఫోన్ చేశాడు.

రెండు వందలనూ ఆ పాటతోనే కొలిచేసరికి పన్నెండు కాదు, పద్నాలుగు తేలాయి. చెవిగారికి దొరకని రెండింటిలో చిరుగు మరీ చిన్నది. ఆయన నొచ్చుకుంటారేమోనని ఆమె నెమ్మదిగా చెప్పింది.

“నాకే చిక్కలేదా!” ఆయన చిన్నపిల్లాడిలా కుర్చీలోంచి లేచారు. “ఏదీ, ఏదీ, వినిపించు!”

ఆదివారం ఆయన తన భార్యను, అంటే అమ్మాయి పిన్నిని కూడా వెంటబెట్టుకుని వచ్చారు. “సెలవు రోజున కూడా స్పీకర్లేనా, నా ఖర్మ,” అంటూనే ఆవిడ హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. అమ్మాయి మంచి స్పీకర్లలో పాట తీసేశాక మిగిలిన శేషాలను ఒకదాని తర్వాత ఒకటి వినిపించింది. ఏ రెండూ ఒకేలా లేవు. ఒకటి వాన వెలిసినట్టుంది, ఒకటి ఇసుక జారినట్టుంది. అసలేమీ మిగల్చని స్పీకరు ఒక్కటీ లేదు.

పిన్ని వేళాకోళం మానేసి చాలాసేపు విన్నది.

“మనం పాట వింటున్నామనుకుంటాం,” అంది మెల్లగా. “దాని వెనక ఇంత మంది ఉన్నారా?”

చెవిగారు ఆవిడ పక్కకు కుర్చీ లాక్కుని, తర్వాతది పెట్టమని అమ్మాయికి సైగ చేశారు.