చిన్నోడి పెంపకం

“చిన్నోడికి తిండి పెట్టావా?” అని మా ఆయన ఫోన్లో అడిగేసరికి నా రెండు చేతులూ ఒక పరాయి మనిషి నోట్లో ఉన్నాయి.

నేను పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తాను. డాక్టరమ్మ పన్ను తొలుస్తుంటే, నేను ఒక చేత్తో రోగి బుగ్గని పక్కకి లాగి, రెండో చేత్తో ఉమ్ము పీల్చే గొట్టం పట్టుకోవాలి. ఆ రోజు బల్ల మీదున్న నా ఫోన్ వరసగా మూడోసారి మోగింది. “ఎవరికో ప్రాణం మీదికొచ్చినట్టుంది తల్లీ,” అంటూ డాక్టరమ్మే గ్లవ్ విప్పి స్పీకర్ నొక్కింది. గది నిండా మా ఆయన గొంతు. “పొద్దున పెట్టావు సరే, మధ్యాహ్నం సంగతేంటి? ఈ ఎండకి వాడు ఆకలికి ఆగలేడు. ఒక్కసారి ఇంటికెళ్ళి చూసి రాకూడదా?” కుర్చీలో వెనక్కి వాలి ఉన్న పెద్దాయన నోరు తెరిచే ఉంచి కళ్ళతోనే నన్ను తిట్టాడు. కన్నబిడ్డని పస్తుంచి ఇక్కడ నా నోట్లో ఏం వెతుకుతున్నావమ్మా అన్నట్టు.

ఫోన్ పెట్టేశాక డాక్టరమ్మ నా వైపు తిరిగింది. “నీకు ఒక్కతే కూతురు కదూ?”

“వాడు పిండి అండీ,” అన్నాను.

నిజంగానే పిండి. మా ఆయన లిఫ్టులు అమ్మే కంపెనీలో ఉద్యోగి. ఆరు నెలల క్రితం ఫోన్ వీడియోలో ఎవరో గడ్డపాయన రొట్టె కోస్తుంటే ఆ కరకర చప్పుడికి ఈయనకి జ్ఞానోదయమైంది. ఈస్టు వెయ్యకుండా పిండిని దానంతట దాన్నే పులియనిచ్చి చేసే సోర్డోయే అసలైన రొట్టె అనీ, దాంతో ఇంట్లోనే గార్లిక్ బ్రెడ్ చేసుకుంటే ఇక బయట తిండి ముట్టనక్కర్లేదనీ మూడు రోజులు ఉపన్యాసం దంచాడు. నాలుగో రోజు గాజు సీసాలో గుప్పెడు గోధుమపిండి, దానికి సరిపడా నీళ్ళు కలిపి, ‘చిన్నోడు’ అని పేరు పెట్టి, ఫోటో తీసి ఆఫీసు గ్రూపులో పెట్టాడు. కన్నది ఆయనే, కాదనను. పెంచింది నేను.

ఆ పెంపకం మామూలుది కాదు. రోజుకి రెండు పూటలా సగం ముద్ద తీసేసి, మిగిలినదానికి కొత్త పిండీ నీళ్ళూ కలపాలి. తీసేసిన సగం పారెయ్యబోతే మా అత్తయ్య “తినే వస్తువు పారేస్తే కళ్ళు పోతాయి” అనేది. అందుకని ఆ పుల్లటి పిండిని పెనం మీద పల్చగా కాల్చి నా డబ్బాలో పెట్టుకునేదాన్ని. ఆరు నెలలుగా నా మధ్యాహ్న భోజనం చిన్నోడి ఎంగిలే. “పిల్ల పుట్టినప్పుడు కూడా వీడు ఇన్నిసార్లు ఫోన్ చెయ్యలేదే,” అని అత్తయ్య ఒక పక్క ఆశ్చర్యపోతూనే, “ఏమైనా వంటింట్లో కాలుపెట్టే మొగుడు దొరకడం నీ అదృష్టం అమ్మాయ్,” అని ఇంకో పక్క ముగించేది.

కాలు పెట్టేవాడు, నిజమే. శనివారం సాయంత్రం పిండి కలిపాక అరగంటకోసారి నాలుగు మార్లు దాన్ని లాగి మడవాలి. అలారం ఆయన పెట్టేవాడు. మోగాక మడిచేది నేను. ఆదివారం పొద్దున ఆయన ఏప్రన్ కట్టుకుని, ఉబ్బిన ముద్ద మీద బ్లేడుతో ఆకు బొమ్మ ఒకటి గీసేవాడు. ఆ ఆకు మాత్రం పూర్తిగా ఆయనదే. తర్వాత రొట్టె కాల్చడం, చల్లార్చడం, అడుగు తెగకుండా అడ్డంగా నిలువుగా గాట్లు పెట్టడం, మూడు గడ్డల వెల్లుల్లి ఒలిచి దంచి వెన్నలో కలిపి ప్రతి గాటులోనూ కూరడం, మళ్ళీ కాల్చడం నా వంతు. చివర్లో పైన వెన్న మెరుస్తుండగా ఆయన పళ్ళెం పట్టుకుని ఫోటో దిగేవాడు. నేలమీద పిండి, కుళాయి మీద పిండి, ఒకసారి మా అమ్మాయి లెక్కల పుస్తకంలో కూడా పిండి. “నేను వంట చేసిన రోజు నీకు రెస్టే కదా,” అనేవాడు సోఫాలో వాలి. అది ఆయన వెటకారానికి అనేవాడు కాదు. మనస్ఫూర్తిగా నమ్మేవాడు. అదే నాకు ఎక్కువ నవ్వు తెప్పించేది, ఎక్కువ ఒళ్ళు మండించేది కూడా.

సోమవారం నా వేళ్ళు ఎంత తోమినా వెల్లుల్లి వాసన పోయేది కాదు. నిమ్మచెక్క రుద్దాను, ఉప్పు రుద్దాను, స్టీలు చెంచా రుద్దాను. “అమ్మా, మీ చెయ్యి నోట్లో పెడితే ఆకలేస్తోంది,” అన్నాడు ఒక రోగి. డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచి, ఇక నుంచి గ్లవ్ మీద గ్లవ్ తొడుక్కోమంది. తల దించుకుని తొడుక్కున్నాను. రొట్టె పేరు ఆయనకి, వాసన నాకు.

ఇలా ఉండగా ఒక ఆదివారం మా ఆయన వాళ్ళ మేనేజరు గారు ఇంటికొచ్చారు. ఒక్కరే ఐదు ముక్కలు తిన్నారు. వేళ్ళు నాక్కోవాలని ఉండి, మర్యాదకి రుమాలుతో తుడుచుకున్నారు.

“ఇదంతా నువ్వే చేశావంటే నమ్మలేకపోతున్నానయ్యా! దూదిలా ఉంది.”

“హాబీ సార్,” అన్నాడు మా ఆయన, లేని చెమట తుడుచుకుంటూ.

“మరి మేడమ్?”

“ఆవిడా సాయం చేస్తుంది సార్. గిన్నెలవీ కడుగుతుంది.”

నేను అప్పుడు సింకు దగ్గరే ఉన్నాను, పిండి ఎండిపోయి అంటుకున్న గిన్నెలో మోచేతుల దాకా. ఆ మాట విన్నాక కోపం రావాలి కదా, రాలేదు. విచిత్రంగా తేలిక పడ్డాను. పదకొండేళ్ళుగా నేను ఈ ఇంట్లో చేసేదాన్ని ఏమంటారో నాకూ తెలియదు. పని అందామంటే పని ఆఫీసులో చేసేది. వంట అందామంటే అది ఆదివారం ఏప్రన్ కట్టుకుని చేసేది. పెంపకం అంటే పెద్ద మాట. ఇన్నాళ్ళకి ఒక పేరూ, దానికో హద్దూ దొరికాయి. సాయం అంటే గిన్నెలు కడగడం. హాయిగా ఉంది. గిన్నెలు కడిగితే సరిపోయేదానికి ఇన్నాళ్ళూ అనవసరంగా ఆయాసపడ్డాను!

మేనేజరు గారు వెళ్తూ వెళ్తూ, రెండు వారాల తర్వాత ఆఫీసు వాళ్ళందర్నీ పిలవమన్నారు. కొత్త బ్రాంచికి ఎవర్ని పంపాలో మాట్లాడుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు ఉండదట. మా ఆయన ఛాతీ చిన్నోడిలా ఉబ్బింది. ఈసారి నేను నిజంగా సాయమే చేస్తానని ఆ సింకు దగ్గరే నిశ్చయించుకున్నాను.

వాళ్ళు వచ్చే ముందురోజు, శనివారం సాయంత్రం ఆయన కేకేశాడు. “పిండి కలిపావా?”

“గిన్నె కడిగి పెట్టానండీ.”

“అది సరే. పిండి?”

“డబ్బాలో ఉంది. కలిపేశాక చెప్పండి, గిన్నె మళ్ళీ కడుగుతాను.”

ఆయన కాసేపు నా మొహం చూశాడు. జ్వరమేమో అనుకుని ఉంటాడు. తర్వాత “ఇదేమన్నా బ్రహ్మవిద్యా!” అంటూ చొక్కా చేతులు మడిచి లోపలికెళ్ళాడు. అత్తయ్య హడావిడిగా నా దగ్గరికొచ్చి, పసివాడు మేడ అంచున నిలబడ్డాడన్నంత కంగారుగా, “అమ్మాయ్, వాడు వంటింట్లో ఒక్కడే ఉన్నాడే!” అంది.

“సాయం కావాలంటే పిలుస్తారు లెండి అత్తయ్యా.”

అలా కూర్చోవడం తేలికనుకునేరు. అరగంటకి అలారం మోగింది. నా కాళ్ళు వాటంతటవే లేవబోయాయి. బలవంతంగా సోఫాలోకి లాక్కున్నాను. రెండోసారి మోగితే చేతులు గాల్లోనే పిండి మడిచాయి. మా అమ్మాయి చూసి, “అమ్మా, ఎవరికి టాటా చెప్తున్నావు?” అంది. గురువారం నేను పెట్టడం మానేసినప్పటి నుంచి చిన్నోడికి తిండి లేదని నాకు తెలుసు. సీసాలో పైన బూడిదరంగు నీళ్ళు తేలి ఉంటాయనీ, ఆకలితో నీరసంగా ఉన్నవాడు ముద్దని పైకి లేపలేడనీ తెలుసు. వెళ్ళి ఒక్క గుప్పెడు పిండి పడేస్తే పోయేదానికి ఆ అమాయకుణ్ణి మా ఇద్దరి గొడవలో ఎందుకు మాడ్చాలి అని కూడా అనిపించింది. లోపలి నుంచి “ఇదేంటి, ఇలా జారిపోతోంది?” అని ఆయన గొంతు. నేను దిండు పట్టుకుని గట్టిగా కూర్చున్నాను. ఆ సాయంత్రం నేను పడిన కష్టం ఏ రొట్టె చేసినప్పుడూ పడలేదు.

మర్నాడు ఎనిమిది మంది వచ్చారు. రొట్టె పైకి లేవలేదు. పళ్ళెంలో పలకలా పడుకుంది. దాని మీద ఆకు బొమ్మ మాత్రం చక్కగా ఉంది. లోపాన్ని కప్పెట్టడానికి ఆయన వెల్లుల్లి రెట్టింపు వేశాడు, అది మాడి నల్లగా అయ్యింది. కత్తి దిగకపోతే రంపంలా ముందుకీ వెనక్కీ లాగి కోశాడు. ఆఫీసు వాళ్ళు మర్యాదస్తులు. ఒకాయన ముక్కని టీలో నానబెట్టుకున్నాడు. ఒకావిడ చేతి సంచిలోకి జారవిడిచింది. మేనేజరు గారు మాత్రం పోయినసారి రుచి గుర్తు పెట్టుకుని, కళ్ళు మూసుకుని గట్టిగా కొరికారు.

టక్‌మంది.

అందరూ రొట్టె విరిగిందనుకున్నారు. మేనేజరు గారు అరచేతిలోకి చూసుకున్నారు. ముందు పన్ను తొడుగు, తెల్లగా, వెన్న పూసుకుని ఉంది.

మా ఆయన గభాలున నా వైపు తిరిగి, “నువ్వు పళ్ళ డాక్టరు దగ్గరే కదా!” అన్నాడు. పెళ్ళయ్యాక నలుగురిలో నా ఉద్యోగం గురించి ఆయన మాట్లాడటం అదే మొదలు.

సెలవైనా డాక్టరమ్మ వచ్చి క్లినిక్ తలుపు తీసింది. నేను తెల్లకోటు వేసుకున్నాను. చేతులకి వాసన లేదు కనక ఒక్క గ్లవ్వే తొడుక్కున్నాను. మేనేజరు గారిని కుర్చీలో పడుకోబెట్టి లైటు వేశాను. మా ఆయన తలుపు దగ్గర నిలబడ్డాడు.

“ఏం తిన్నారండీ?” అంది డాక్టరమ్మ.

“గార్లిక్ బ్రెడ్,” అన్నారు ఆయన, సందులోంచి గాలి పోతుండగా. “పోయినసారి దూదిలా ఉందండీ. అదే ఇల్లు, అదే చెయ్యి. ఈసారి ఏమైందో మరి!”

“ఓవెన్లో ఏదో తేడా వచ్చింది సార్,” అన్నాడు మా ఆయన. అంటూనే నా వైపు చూశాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు. ఉప్పు ఎక్కువైతే ఉప్పు మంచిది కాదని, ఆయన మరిచిపోతే నేను గుర్తు చెయ్యలేదని, పదకొండేళ్ళుగా నేను సాకు చెప్పి సర్దిపెట్టిన చూపు. ఇప్పుడూ సర్దెయ్యొచ్చు. అవునండీ, పాత ఓవెన్ అంటే చాలు. ఆ అబద్ధం నా నాలుక చివర సిద్ధంగానే ఉంది.

“ఓవెన్ బాగానే ఉందండీ,” అన్నాను గొట్టం అందుకుంటూ. “పోయినసారి రొట్టె నేను చేశాను. ఈసారి ఆయన చేశారు. నేను గిన్నెలు కడిగాను. కాస్త నోరు పెద్దగా తెరవండి.”

మేనేజరు గారికి తెరవక తప్పలేదు. తెరిచిన నోట్లోంచే నవ్వొచ్చింది, పొట్ట ఊగింది. “కదలకండి,” అంది డాక్టరమ్మ, తన భుజాలు కూడా కదులుతుండగా.

కారులో సగం దారి వచ్చాక మా ఆయన, “నలుగురిలో నా పరువు తీశావు,” అన్నాడు.

“మీరు కాక ముగ్గురమే ఉన్నామండీ. అందులో ఒకాయన నోరు తెరుచుకునే ఉన్నారు.”

“నవ్వులాటగా ఉందా?”

లేదు. “నేను చేసింది నేను చేశానన్నాను,” అన్నాను. “అందులో మీ పరువు ఎక్కడుందో చూపించండి, జాగ్రత్తగా తీసి పక్కన పెడతాను.” ఆయన సిగ్నల్ దగ్గర అనవసరంగా హారన్ కొట్టాడు.

ఇంట్లో అత్తయ్య పాలలో నానేసిన ముక్కని చెంచాతో పొడుస్తోంది. కొడుకు గదిలోకి వెళ్ళేదాకా ఆగి, “మీ మావయ్య కూడా అందరితో ఇలాగే చెప్పేవారు, నాకు సాయంగా మా ఆవిడ ఉందని,” అంది. “నిన్ను అదృష్టవంతురాలివన్నాను కదూ. ఆ మాట వెనక్కి తీసుకున్నా.” తీసుకుని, పాలగిన్నె తనే కడిగి బోర్లించింది.

వారమంతా ఆయన అలిగాడు. మా మధ్య ఉప్పూ పప్పూ మాటలు తప్ప లేవు. శుక్రవారం సాయంత్రం సీసా ముందు నిలబడి, తనలో తాను అనుకుంటున్నట్టు, “వీడు పోయాడా?” అన్నాడు.

“అంత తొందరగా పోడు. పైన నీళ్ళు వంపేసి తిండి పెట్టండి.”

“ఎంత?”

ఆరు నెలల్లో ఆయన అడిగిన మొదటి ప్రశ్న అది. నేను కూర్చున్నచోటి నుంచే చెప్పాను. లేచి చూపించమన్నట్టు చూశాడు. మళ్ళీ చెప్పాను, కూర్చునే. ఆ వారం రొట్టె ఇటుకే. పై వారం కొంచెం మెత్తబడిన ఇటుక. మూడో వారం వెల్లుల్లి ఒలుస్తూ, “ఒక్క గడ్డకి ఇంతసేపా! గోళ్ళు మండిపోతున్నాయి!” అని అరిచాడు. మర్నాడు ఆఫీసు నుంచి ఫోన్ చేసి, వాసన పోవాలంటే ఏం రుద్దుకోవాలని గుసగుసగా అడిగాడు. కొత్త బ్రాంచికి వేరే ఎవరో వెళ్ళారు. అది రొట్టె వల్లో కాదో నాకు తెలియదు, ఆయనా అనలేదు.

ఐదో ఆదివారం పళ్ళెం తెచ్చి నా ముందు పెట్టాడు. ఒక పక్క మాడింది. ఆకు బొమ్మ గియ్యడం మరిచిపోయాడు. కానీ పైపొర కరకరలాడుతోంది, గాట్లలోంచి వెన్న కారుతోంది, ఇల్లంతా వాసన. భుజం మీద తువ్వాలు వేసుకుని, బల్ల మూలన నిలబడి నేను నమిలేదాకా చూశాడు.

“ఎలా ఉంది?”

ఆ మూలన ఇన్నేళ్ళూ నిలబడింది నేను. ముద్ద నోట్లో పెట్టుకున్న మనిషి కనుబొమలు చదువుతూ, మంచి మాట కోసం గరిటెతో సహా కాచుకుని. ఇటుపక్క కుర్చీలోంచి చూస్తే నిలబడ్డ మనిషి ఎంత చిన్నగా కనిపిస్తాడో నాకు ఆ రోజే తెలిసింది. పాపం అనిపించింది. ‘అద్భుతంగా ఉందండీ, మీరు కూర్చోండి, నేను చూసుకుంటాను’ అనే మాట గొంతు దాకా వచ్చింది. దాన్ని రొట్టెతో పాటు నమిలి మింగేశాను.

“లోపల కొంచెం పచ్చిగా ఉంది,” అన్నాను. “ఇంకో ముక్క పట్రండి.”