పిండిలో వేళ్ళ గుర్తులు

మా తమ్ముడు ఆల్విన్ పదకొండేళ్ళు జీతానికి ఫుట్‌బాల్ ఆడాడు, బంతిని చేత్తో విసిరి పట్టుకునే అమెరికా ఫుట్‌బాల్. ఆ పదకొండేళ్ళలో టీవీలో ఆట గురించి చెప్పేవాళ్ళ నోట వాడి పేరు పదిసార్లు వచ్చింది. తొమ్మిదిసార్లు తప్పు చేసినందుకు, పదోసారి స్ట్రెచర్ మీద మోసుకెళ్ళినప్పుడు. బంతి విసిరేవాడికీ పట్టేవాడికీ పేరొస్తుంది. వాళ్ళ ముందు వరసలో నిలబడి, మీదికొచ్చే వాళ్ళని ఒంటితో ఆపేవాడు ఎవరికి కావాలి? అందుకే నేను బంతిని ఎప్పుడూ చూడలేదు, వాడినే చూశాను.

మాది టెక్సాస్‌లో, ఒకప్పుడు చెక్ దేశం నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళ ఊరు. మా నాన్న పోయాక బేకరీ నా చేతికొచ్చింది; మధ్యలో పళ్ళ ముద్దో గసగసాలో పెట్టి కాల్చే మెత్తటి బన్నులు, కొలాచీలు, మా దగ్గర ఫేమస్. కాలేజీ జట్టులో ఆడే రోజుల్లో ఆల్విన్ సెలవులకొస్తే ఒక్క ట్రే మోసేవాడు కాదు. వెనక గదిలో, పిండి రాలిన నేల మీద వంగి, ఒక చెయ్యి ఆనించి, ఆట మొదలయ్యే ముందు కూర్చునే తీరు సాధన చేసేవాడు. ఒకరోజు చీపురు పట్టుకుని తిడుతూ వెళ్ళిన నేను నేల మీద వాడి వేళ్ళ గుర్తులు చూసి ఆగిపోయాను.

"ఒరేయ్, ఇవేంట్రా, కొన్ని ఇంత లోతుగా ఉన్నాయి, కొన్ని అంటీ అంటనట్టున్నాయి?"

"ముందుకెళ్ళి తొయ్యాలంటే చేతి మీద బరువేస్తానక్కా. వెనక్కి తగ్గి బంతి విసిరేవాడికి కాపు కాయాలంటే తేలిగ్గా ఆనిస్తాను."

"అంటే నువ్వేం చెయ్యబోతున్నావో ఎదుటివాడికి ముందే చెప్పేస్తున్నావన్నమాట! పిండి పిసుక్కునేదాన్ని, నాకే తెలిసిపోతోంది."

"నీ కొలాచీలేవో నువ్వు చేసుకో పో" అన్నాడు. కానీ ఆ సెలవులన్నాళ్ళూ, అన్ని గుర్తులూ ఒకే లోతున పడేదాకా నా నేల పాడు చేస్తూనే ఉన్నాడు. మరుసటి ఏడు జీతమిచ్చే పట్నం జట్టు వాడిని తీసుకుంది. ఆ ఘనత నాదేనని ఇప్పటికీ అంటాను, వాడు ఒప్పుకోడు.

ప్రతి ఆగస్టులోనూ జట్టు శిబిరంలో మనుషుల్ని తగ్గిస్తారు. ఉద్యోగం పోయినవాడి గది తలుపు ఒకడొచ్చి కొడతాడు. "కోచ్ రమ్మంటున్నాడు, నీ ఆటల పుస్తకం కూడా తెచ్చుకో" అంటాడు. అంతే, జట్టు ఎత్తుగడలు రాసుండే ఆ పుస్తకం తిరిగిచ్చేసి ఇంటికి. పది ఆగస్టులు ఆ తలుపు చప్పుడు తప్పించుకున్న ఆల్విన్‌కి పదకొండో ఏడు ముప్పై మూడేళ్ళు. వాడి చోటుకి పోటీగా పక్క రాష్ట్రం ఆర్కన్సా నుంచి డెల్మర్ టిబ్స్ అనే ఇరవై మూడేళ్ళవాడు వచ్చాడు. ఇద్దరిలో ఒక్కరే మిగులుతారు.

నాలుగు పెట్టెల కొలాచీలు తీసుకుని శిబిరానికి వెళ్ళాను. డెల్మర్ గసగసాలవి ఆరు తిని, "మేడమ్, ఇవి మా అమ్మకి పోస్టులో పంపితే పాడవవు కదా?" అని అడిగాడు. గుమ్మం పట్టనంత మనిషి. ఆల్విన్ కంటే బలం ఎక్కువని నాలాంటిదానికి కూడా తెలుస్తోంది. అయినా ఎదుటివాళ్ళు అతన్ని సులువుగా దాటిపోతున్నారు. చూసేవాళ్ళకి అడ్డంగా కట్టిన తాడు దగ్గర నిలబడి చూశాను. తొయ్యబోయేటప్పుడు నేలకానించిన అతని వేళ్ళ గోళ్ళు తెల్లగా పాలిపోతున్నాయి, లేనప్పుడు ఎర్రగా ఉంటున్నాయి. కోచ్‌లందరి కళ్ళూ అతని కాళ్ళ మీదే ఉన్నాయి.

వారం రోజుల్లో పోయే జబ్బు అది. ఆల్విన్‌తో అంటే చాలు, వాడు వెళ్ళి డెల్మర్‌తో చెప్పేస్తాడు, వాడి సంగతి నాకు తెలుసు. అప్పుడు మావాడి తలుపే కొడతారు. భయమేసింది. ఖాళీ పెట్టెలు కారులో పెట్టుకుని ఇంటికొచ్చేశాను. తర్వాతి మంగళవారం డెల్మర్‌ని పుస్తకం తెచ్చుకోమన్నారు.

ఆ నవంబరులో ఒక ఆటలో ఇద్దరు మనుషులు ఆల్విన్ మోకాలి మీద పడ్డారు. టీవీలో వాడి పేరు పదోసారి విన్నది అప్పుడే.

తర్వాత నాలుగేళ్ళు వాడు నా బేకరీలో స్టూలు మీద కూర్చుని పిండి ముద్దలు చేశాడు. ఒక మధ్యాహ్నం బల్ల మీద వాడి వేళ్ళ గుర్తులు చూసి ఇక ఉండబట్టలేకపోయాను.

"ఒరేయ్, ఆ టిబ్స్ అబ్బాయి..."

వాడు తలెత్తలేదు. "గోళ్ళు తెల్లబడేవి. అదేగా?"

"నీకు తెలుసా!"

"రెండోరోజే చూశాను. నేర్పిందే నువ్వు, నాకు కనబడకుండా ఎట్టా పోద్ది?"

"మరి అతనితో చెప్పలేదేం?"

"నువ్వు నాతో ఎందుకు చెప్పలేదో అందుకే."

ఒళ్ళు మండిపోయింది. "నేను చెప్పుంటే నిన్నే ఇంటికి పంపేవాళ్ళు, నీ కాలు బాగుండేదని నాలుగేళ్ళుగా ఏడుస్తున్నానురా గాడిదా!"

"కాలిదేముందక్కా, కుంటుకుంటూ బతికేస్తాను. తనకి బలం చాలకే ఇంటికి పంపారని ఆ పిల్లాడు ఇప్పటికీ అనుకుంటుంటాడు. అదీ నన్ను తినేస్తోంది."

"అయితే ఇక్కడ కూర్చుని తినిపించుకోవడం దేనికి? ఫోన్ ఉందిగా!"

రెండు రోజులు వాళ్ళనీ వీళ్ళనీ అడిగితే నంబరు దొరికింది. డెల్మర్ వాళ్ళ ఊళ్ళో టైర్ల కొట్టు నడుపుతున్నాడు. ఫోన్ ఇద్దరి చెవులకీ మధ్య పెట్టుకున్నాం.

"కొలాచీల మేడమ్ వాళ్ళ తమ్ముడా!" అని అతను పెద్దగా నవ్వాడు. అటువైపు టైర్లకి గాలి కొట్టే చప్పుడు.

ఆల్విన్ అంతా చెప్పాడు. "నీ బలానికేం లోటు లేదు డెల్మర్. నాకంటే నువ్వే గట్టివాడివి. నీ వేళ్ళు ముందే చెప్పేసేవి, అంతే. నేను చూశాను. నా చోటు పోతుందని నోరు మూసుకున్నాను."

"నేనూ చూశాను" అన్నాను.

అటువైపు గాలి మిషను ఆగిపోయింది. తిడతాడనుకున్నాను, తిట్టినా బాగుండును.

"ఏ చెయ్యి?" అని అడిగాడు డెల్మర్.

"కుడిది."

"కుడిది" అని మెల్లగా తనలో తను అనుకున్నాడు. ఫోన్ మాత్రం పెట్టెయ్యలేదు. మేమూ పెట్టలేదు.