పదమూడు సెకన్ల గాలి

గాలిని కొలిచే పని తనకిస్తారని శ్రీవిద్య అనుకోలేదు. వాలంటీరుగా పేరు రాయించినప్పుడు, నీళ్ల సీసాలు అందించడమో నంబరు కాగితాలకు పిన్నులు పెట్టడమో చెబుతారులే అనుకుంది. నోరు తెరవనక్కరలేని పని ఏదైనా ఆమెకు ఇష్టమే. తీరా శనివారం మధ్యాహ్నం ఆరిజోనా రాష్ట్రం చాండ్లర్‌లోని కాలేజీ మైదానానికి వెళ్లేసరికి, తెల్లటోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన ఆమెను ట్రాక్ పక్కన మడతకుర్చీలో కూర్చోబెట్టి చేతికి చిన్న డబ్బా ఇచ్చాడు.

"తుపాకీ పొగ కనబడగానే బటన్ నొక్కు. బీప్ అనగానే అంకె రాసుకో. వంద మీటర్లకి పది సెకన్లు, హర్డిల్స్‌కి పదమూడు. అంతే."

డబ్బా మీద ఒక మీట ఉంది. ఒకవైపు పది, రెండోవైపు పదమూడు. అన్ని సెకన్లపాటు వీచిన గాలికి సగటు చెబుతుందది. వెనకనుంచి తోసే గాలి సెకనుకు రెండు మీటర్లు దాటితే, ఎంత బాగా పరుగెత్తినా ఆ టైము లెక్కలోకి రాదు.

పరుగెత్తేవాళ్లలో తన రూమ్మేటు ఉందని ఆయనకు చెప్పాలనిపించింది. నోటిదాకా వచ్చింది. ఈలోగా ఆయన వెళ్లిపోయాడు.

హర్డిల్స్ అయ్యాక ఆడవాళ్ల వంద మీటర్లు. నాలుగో లేన్‌లో చిహారు నోగామి. ముప్పై ఏళ్ల మనిషి, పక్కనున్న కాలేజీ పిల్లల మధ్య పొట్టిగా కనబడుతోంది. ఎప్పటిలాగే ముందు ట్రాక్‌కి వంగి దండం పెట్టింది. పొగ లేచింది. శ్రీవిద్య బటన్ నొక్కింది. ఆ తర్వాత డబ్బా సంగతే మర్చిపోయి చిహారునే చూసింది.

పదకొండు పాయింట్ రెండు ఎనిమిది. గాలి ఒకటి పాయింట్ తొమ్మిది.

చిహారు మోకాళ్ల మీద కూలబడి రెండు చేతుల్తో మొహం కప్పుకుంది. శ్రీవిద్య కుర్చీ వెనక గ్యాలరీలోనుంచి ఇంకో రూమ్మేటు మాయ వేసిన ఈల మైదానమంతా వినబడింది.

పదకొండు పాయింట్ మూడు సున్నా. ఆ అంకె వాళ్ల అపార్ట్‌మెంట్‌లో ఫ్రిజ్ మీద ఎనిమిది నెలలుగా అతికించి ఉంది. ఆదివారం సాయంత్రంలోపు ఆ టైము తెస్తే జపాన్ రిలే జట్టు శిబిరానికి పిలుస్తారు. తేకపోతే పిలవరు. ఇంకో ఏడు ఆగే వయసు కాదు.

చిహారు కథ శ్రీవిద్యకు ముక్కలు ముక్కలుగా తెలుసు. ఇద్దరిదీ ముక్కల ఇంగ్లీషే. అందుకే కాబోలు ఒకరి దగ్గర ఒకరికి సిగ్గుండేది కాదు. అద్దంకి దగ్గర పల్లెలో జిల్లా పరిషత్ బడిలో చదువుకుని, ఎమ్మెస్‌కి ఇంతదూరం వచ్చినా శ్రీవిద్య క్లాసులో చెయ్యెత్తదు. చిహారు కూడా అంతే, కాఫీ షాపులో వేలితో చూపించి తెచ్చుకుంటుంది. ఇరవై ఏళ్లకే ఒక కంపెనీ ఆమెను తన పరుగుల జట్టులోకి తీసుకుంది. మధ్యాహ్నం దాకా ఆఫీసులో కాగితాలు సర్దడం, ఆ తర్వాత పరుగు. ఇరవై మూడుకి దేశంలో రెండో స్థానం. ఇరవై ఐదుకి ఫైనల్లో తుపాకీ కంటే ముందు కదిలిందని మిషన్ చెబితే బయటికి పంపేశారు. "నేను కదల్లేదు" అని ఇప్పటికీ అంటుంది. ఆరోజు మాత్రం ఎవరితోనూ అనలేదట. ట్రాక్‌కి దండం పెట్టి వెళ్లిపోయిందట. తర్వాత ఎడమ మడమ నరం తెగింది, ఆపరేషన్ అయింది. అటుపైన కంపెనీవాళ్లు ఒక పేజీ ఉత్తరం రాసి జట్టునే ఎత్తేశారు. కొత్త కోచ్‌ని వెతుక్కుంటూ ఆరిజోనా వచ్చి, గది ఖాళీ ఉందన్న ప్రకటన చూసి వీళ్ల తలుపు తట్టింది.

"జపాన్ పిల్ల అంటే రోజూ నూడుల్స్ చేసి పెడ్తదనుకున్న. చూస్తే మూడు పూటలా ఉడకబెట్టిన గుడ్లే" అని మాయ ఇప్పటికీ వెక్కిరిస్తుంది. మాయది కరీంనగర్. ఇంట్లో ముగ్గురి మాటలూ తనే మాట్లాడుతుంది.

రోజూ పొద్దున్నే ట్రాక్ దగ్గర చప్పట్లు కొట్టి పరుగు మొదలుపెట్టించడం, స్టాప్‌వాచ్ పట్టుకోవడం శ్రీవిద్య పని. "పద" అనే మాట మాయ నేర్పింది. చిహారు దాన్ని "పదా!" అని సాగదీసి, తనకు తనే చెప్పుకుని వంగేది.

సాయంత్రం ఆరింటికి మాయ పులిహోర కలుపుతోంది. చిహారు లోపల గదిలో వాళ్లమ్మతో ఫోన్‌లో ఉంది. తలుపు వేసి ఉన్నా నవ్వు వినబడుతోంది. ఎనిమిది నెలల్లో ఆ ఇంట్లో చిహారు అంత గట్టిగా నవ్వడం శ్రీవిద్య ఎప్పుడూ వినలేదు.

"ఏయ్ విద్యా, వీడియో చూడు. మస్తు క్లియర్‌గ వచ్చింది. నీ కుర్చీ ఎనకాలకెళ్లి తీసిన" అంటూ మాయ ఫోన్ చేతికిచ్చింది.

శ్రీవిద్య చూసింది. పొగ, పరుగు, చిహారు ఛాతీ గీత దాటడం. ఆ తర్వాత బీప్.

మళ్లీ చూసింది. గీత దాటింది, తర్వాత బీప్.

పది సెకన్లకి బీప్ రావాలి. పదకొండు దాటాక చిహారు గీత దాటాలి. ముందు బీప్, తర్వాత గీత. ఇక్కడ తిరగబడింది. హర్డిల్స్ అయ్యాక మీట మార్చలేదు. అది పదమూడు మీదే ఉండిపోయింది.

మూడోసారి చూసినప్పుడు ఇంకోటి కనబడింది. ట్రాక్ పక్కన గుడారం అంచు పరుగంతా టపటపా కొట్టుకుంటూ ఉంది. చిహారు గీత దగ్గరికి వచ్చేసరికి చచ్చినట్టు వేలాడింది. చివరి మూడు సెకన్లూ గాలి లేదు. ఆ గాలిలేని సెకన్లు సగటును కిందికి లాగాయి. పదమూడుని ఒకటి పాయింట్ తొమ్మిదితో గుణించి పదితో భాగించింది. రెండున్నరకి దగ్గర.

"ఏందే, దయ్యం జూసినట్టు అట్ల అయినవ్?"

శ్రీవిద్య చెప్పింది. మాయ గరిటె పక్కన పెట్టి, స్టవ్ ఆపేసింది.

"ఇంకెవరికన్న తెల్సా?"

"తెలీదు."

"అయితే అయిపాయె. వీడియో డిలీట్ చేస్త."

"మాయా..."

"ఏం మాయా? పదేండ్లు ఉరికింది ఆమె. నువ్వు ఒక స్విచ్ మర్చిపోయినవని ఆమె బతుకు ఆగం చేస్తవా? గాలి ఎంతో నీకు కరెక్ట్‌గ తెల్వదు గద!"

"తెలీదు. కానీ ఎక్కువే ఉంటుంది."

"నోరు మూసుకొని కూచో. రోజూ అదే గద నీ పని, ఇయ్యాల కూడా అదే చెయ్యి" అని మాయ ఫోన్ లాక్కుంది. అని, అన్నందుకు తనే మొహం పక్కకు తిప్పుకుంది. కాసేపటికి గొంతు తగ్గించి, "ఊకే అన్న. ఏడ్వకు" అంది.

శ్రీవిద్య ఏడవడం లేదు. లోపలి గదిలో నవ్వు ఆగింది. ఫోన్ పెట్టేసినట్టుంది. ఇంకాసేపు ఆలోచిస్తే ఎప్పటికీ చెప్పలేనని ఆమెకు తెలుసు. లేచి వెళ్లి తలుపు తట్టింది.

చిహారు మంచం మీద కూర్చుని మడమకు ఐసు కట్టుకుంటోంది. కళ్లు ఎర్రగా ఉన్నా మొహం వెలిగిపోతోంది. "అమ్మ ఊరంతా చెప్పేసింది" అంది నవ్వుతూ.

శ్రీవిద్య నిలబడే చెప్పింది. మాటలు దొరకనిచోట వేళ్లు చూపించింది. పది వేళ్లు, తర్వాత ఇంకో మూడు.

చిహారు ఐసు కట్టు వదిలేసింది. ఐసు కరిగి నీళ్లు తివాచీ మీద పడుతున్నాయి.

"పది అయితే, గాలి ఎంత?"

"రెండు పైనే. అనుకుంటున్నా."

"అనుకుంటున్నావు."

"సారీ."

"పోటీ పెట్టినవాళ్లకి చెప్పావా?"

"లేదు. ముందు నీకే..."

చిహారు తలెత్తి చూసింది. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేదని శ్రీవిద్యకు తర్వాత చాలాసార్లు అనిపించింది.

"ముందు నాకు ఎందుకు? నేను ఏం చెప్పాలి? చెప్పు అనాలా? చెప్పొద్దు అనాలా? నువ్వు మొయ్యలేక నాకు ఇచ్చావు."

శ్రీవిద్యకు చెంప మీద కొట్టినట్టయింది. అబద్ధమైతే అంత తగిలేది కాదు. మైదానంలో పెద్దాయనతో ఒక్క మాట చెప్పి ఉంటే ఆ కుర్చీలో ఇంకెవరో కూర్చునేవారు. అప్పుడూ నోరు రాలేదు. ఇప్పుడు వచ్చిన నోరు కూడా రావలసిన చోటికి రాలేదు.

వాలంటీర్లకిచ్చిన కాగితం మీద రిఫరీ నంబరు ఉంది. పిజ్జా చెప్పాలన్నా మాయ చేతే ఫోన్ చేయించే మనిషి, బాల్కనీలోకి వెళ్లి తలుపేసుకుంది. మొదటిసారి రింగవగానే కట్ చేసింది. రెండోసారి అవతల ఒక ఆడగొంతు పలికింది. తన పేరు చెప్పింది. చేసిన తప్పు చెప్పింది. నాలుగో లేన్‌లో పరుగెత్తింది తన రూమ్మేటని కూడా చెప్పింది. మధ్యలో ఎక్కడా ఆగలేదు.

"మీకు ఖచ్చితంగా తెలుసా?"

"తెలుసు. వీడియో కూడా ఉంది."

లోపలికి వచ్చేసరికి మాయ గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. "డిలీట్ చెయ్యలే" అంది, ఫోన్ అందిస్తూ.

ఆదివారం పొద్దున ఫలితాల పేజీలో టైము అలాగే ఉంది. పక్కన గాలి అంకె మాత్రం లేదు, కొలవలేదని రాశారు. గాలి అంకె లేని టైము జపాన్‌వాళ్లకు పనికిరాదు. చుట్టుపక్కల ఆరోజు ఇంకో పోటీ ఎక్కడా లేదు. సాయంత్రమైంది, గడువు దాటింది. పులిహోర ఫ్రిజ్‌లోనే ఉండిపోయింది. ఫ్రిజ్ మీది కాగితాన్ని ఎవరూ తీయలేదు. చిహారు గది తలుపు రెండుసార్లే తెరుచుకుంది. రెండుసార్లూ శ్రీవిద్యను చూడనట్టే వెళ్లింది.

సోమవారం పొద్దున్నే అలవాటు కొద్దీ శ్రీవిద్యకు మెలకువ వచ్చింది. చిహారు బూట్లు లేవు. వెళ్లాలా వద్దా అని మంచం మీద చాలాసేపు కూర్చుంది. చివరికి స్టాప్‌వాచ్ తీసుకుని బయల్దేరింది.

ఎండ ఇంకా ముదరలేదు. మైదానంలో ఎవరూ లేరు. చిహారు అప్పటికే పరుగు మొదట్లో కాళ్లానించే బ్లాకులు బిగించుకుని వాటి పక్కన కూర్చుని ఉంది. శ్రీవిద్య కంచె దగ్గరే ఆగిపోయింది. ఎంతసేపు అలా గడిచిందో ఇద్దరికీ తెలియదు. చివరికి చిహారు లేచి, ట్రాక్‌కి దండం పెట్టి, బ్లాకుల్లో కాళ్లు పెట్టుకుంది. తల ఎత్తలేదు. వేళ్లు గీత వెనక ఆనించి, ఎదురుచూస్తోంది. "పదా" అని ఈరోజు తనకు తను చెప్పుకోలేదు.

శ్రీవిద్య పరుగు ముగిసే గీత దాకా నడిచి వెళ్లింది. చేతులెత్తి, చప్పట్లు కొట్టి, వాచీ నొక్కింది.

గాలి లేదు, ఒక్క ఆకు కూడా కదలడం లేదు. చిహారు పరుగు చప్పుడొక్కటే వినబడుతోంది. దగ్గరికొచ్చే కొద్దీ ఆ చప్పుడు పెద్దదై, శ్రీవిద్య పక్కనుంచి దూసుకుపోయి, మెల్లగా తగ్గి, ఆగింది. బొటనవేలు తనంతట తనే మళ్లీ బటన్ నొక్కింది.

చిహారు నడుం మీద చేతులేసుకుని, ఆయాసపడుతూ తిరిగొచ్చింది. శ్రీవిద్య వాచీ ఉన్న చెయ్యి చాపబోయింది.

"చూపించొద్దు" అంది చిహారు.

గడ్డి మీద కూర్చుని ముళ్లబూట్ల తాళ్లు విప్పడం మొదలుపెట్టింది. ఎడమ మడమ వెనక తెల్లటి గీతలా పాత కుట్టు. మొదట కుడి బూటు, తర్వాత ఎడమది తీసి, రెండిటి మట్టీ దులిపి, తాళ్లు కలిపి ముడేసింది. ట్రాక్ వైపు తిరిగి వంగింది. ఈసారి లేవడానికి చాలాసేపు పట్టింది.

శ్రీవిద్య తను కూడా వాచీ చూడలేదు. గుప్పిట్లోనే వేలితో తడిమి, సున్నాకి తిప్పేసింది.