పేడ కరగని బీడు

అక్కకూ తమ్ముడికీ కలిపి ఉన్న ఆధారం ఆ పాడి ఒక్కటే. అమ్మానాన్నలు పోయాక పాకలో పని అక్క చూసుకునేది, బీడూ మేపూ తమ్ముడు చూసుకునేవాడు. ఇద్దరూ ఎడమొహం పెడమొహంగా ఉన్న రోజుల్లోనూ పాలు పితికే వేళకు మాట కలిసేది. ఎవరో అలిగారని పొదుగు ఆగదు కదా.

కిందటేడు వానల్లో కడుపులో పురుగులు పడి ఒక దూడ చచ్చిపోయింది. ప్రాణం పోయేటప్పుడు దాని తల అక్క ఒళ్లోనే ఉంది. అప్పటి నుంచి ఆమెకు భయం పట్టుకుంది. చర్మంలోంచి ఒంట్లోకి ఇంకే నులిపురుగుల మందు డబ్బాలకు డబ్బాలు తెప్పించి, రోగం ఉందా లేదా అని చూడకుండా, ప్రతి పశువు వెన్నుమీదా పోస్తూ వచ్చింది. పశువులు నిగనిగలాడాయి. ఆమెకు నిద్ర పట్టసాగింది.

తేడా మొదట తమ్ముడి కంటపడింది. బీడులో పేడ కరగడం మానేసింది. ఇదివరకు పశువు వేసిన పేడ చూస్తుండగానే మట్టిలో కలిసిపోయి, ఆ చోట గడ్డి ముదురుపచ్చగా లేచేది. ఇప్పుడు ఎప్పటెప్పటివో పేడకడులు పలకల్లా బిగుసుకుపోయి అలాగే పడి ఉన్నాయి. వాటి కింద గడ్డి పాలిపోయి చచ్చింది. చుట్టూ మొలిచిన గడ్డిని పశువులు వాసన చూసి వదిలేస్తున్నాయి. ఉన్న బీడే రోజురోజుకూ కుంచించుకుపోతున్నట్టుంది.

అతను ఒక కడిని కాలితో తిరగేశాడు. కింద ఒక్క చిల్లు కూడా లేదు. చిన్నప్పుడు ఇలా తిరగేస్తే నల్లటి పేడపురుగులు కంగారుగా నేలలోకి దూరేవి. ఆ కంగారు చూసి నవ్వుకోవడానికే అక్కా తనూ బీడంతా తిరిగేవాళ్లు. ఇంకొకటి తిరగేశాడు, మరొకటి తిరగేశాడు. ఎక్కడా ఏమీ కదల్లేదు.

సాయంత్రం పాకలో ఆ సంగతి ఎత్తాడు.

"అక్కా, బీడులో పేడపురుగన్నది లేదు. నువ్వు పోసే మందు పేడలోకి దిగి వాటిని చంపుతోందేమో."

"చస్తే చావనీ. వాటికోసం దూడల్ని పోగొట్టుకుంటామా?"

"పేడని నేలలోకి దించేది అవే కదా. పశువు తిన్న గడ్డి బలమంతా మళ్లీ మట్టికి చేరాలంటే అవి ఉండాలి. లేకపోతే రేపు మనవాటికి మేతేది?"

"నీకేంరా, బీడులో గాలి పీల్చుకుంటూ తిరుగుతావు. చచ్చేటప్పుడు దగ్గర కూర్చునేది నేను."



కొన్నాళ్లకు చూడి ఆవుల్ని చూడ్డానికి పశువుల డాక్టరమ్మ వచ్చినప్పుడు, తమ్ముడు ఆమెను బీడులోకి తీసుకెళ్లాడు. అక్క కూడా వెంట నడిచింది.

"మీ తమ్ముడు చెప్పింది నిజమే," అంది డాక్టరమ్మ, ఎండిన కడిని పుల్లతో పొడుస్తూ. "ఆ మందు చాలావరకు పేడతోనే బయటికొస్తుంది. పెద్ద పేడపురుగులు తట్టుకున్నా, ఆ పేడలో పెట్టిన గుడ్లలోంచి వచ్చే పిల్లలు బతకవు. అన్నిటికీ మందు పోయడమంటే ఎలకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడమే. పేడ పరీక్ష చేయించండి. కడుపులో పురుగులున్నవాటికే మందు వాడండి."



"పేడ తీసి పరీక్షకి పంపేదెవరు?" అంది అక్క.

"నేను పంపుతాను," అన్నాడు తమ్ముడు. "ఒక్కదాన్ని కూడా వదలను."

ఆ మాట మీద ఆమె మందు ఆపింది.

చెప్పినట్టే అతను అన్నిటి పేడా పరీక్షకు ఇస్తూ వచ్చాడు. మళ్లీ వానలు పట్టాక వాగు పొంగి కంచె కొట్టుకుపోయింది. తెల్లారి లేస్తే పారిపోయిన పశువుల్ని తోలుకురావడం, గుంజలు పాతడం, ఇదే పని. పెయ్యల దొడ్డిలో పరీక్షకు పేడ తీయడం రేపు చూద్దాంలే అనుకున్నాడు. ఆ రేపు చాలాసార్లు గడిచింది.

పెయ్యల్లో నుదుట తెల్లమచ్చ ఉన్నదాని పేరు చుక్క. ఈనగానే తల్లి చచ్చిపోతే అక్కే దానికి సీసాతో పాలు పట్టి పెంచింది. ఆమె ఎటు పోతే అటు తోకలా తిరిగేది. ఒక ఉదయం అది లేవలేదు. దవడ కింద అక్క చెయ్యి పెట్టి చూస్తే నీరు దిగి మెత్తగా ఊగింది. నిరుడు పోయిన దూడకూ ఇలాగే దిగింది.

"వీటి పేడ పంపావా?" అంది తమ్ముడితో.

అతను తల దించుకున్నాడు.

డాక్టరమ్మ వచ్చి మందు ఇచ్చింది, సూదులు వేసింది. రక్తమంతా పురుగులు తాగేశాయని, మిగతా పెయ్యలు దక్కుతాయని, దీని సంగతి చెప్పలేనని అంది. మర్నాడు ఎండెక్కే వేళకు చుక్క పోయింది.

బీడు చివర ఇద్దరూ గొయ్యి తవ్వారు. వాన తడికి నేల మెత్తగా ఉంది. పార వేసిన చోటల్లా సన్నటి సొరంగాలు తెగాయి. వాటి అడుగున పేడ ముద్దలు గుండ్రంగా చుట్టి ఉన్నాయి. ఒక ముద్ద చితికి, లోపల ముడుచుకున్న తెల్లటి పేడపురుగు పిల్ల బయటపడింది. తమ్ముడు దాన్ని అరచేతిలోకి తీసుకుని, "అక్కా..." అనబోయి ఊరుకున్నాడు.

ఆమె చూడనే చూసింది.

"వచ్చేశాయి," అంది.

"తప్పు నాదే అక్కా."

"నీదే." ఆమె పారకు ఆనుకుని నిలబడింది. "పేడపురుగుల సంగతి నువ్వు చెప్పిందీ నిజమే. నాకు ఆ రెండూ కలిపి మింగుడు పడట్లేదురా."

చుక్కను గోతిలోకి దించడానికి ఇద్దరి బలమూ కావలసి వచ్చింది. మట్టి కప్పేటప్పుడు ఆమె ఏడ్వలేదు. ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటూ మాత్రం నీళ్ల తొట్టి దగ్గరే కూలబడిపోయింది. తమ్ముడు దూరంగా నిలబడ్డాడు. దగ్గరికి వెళ్లే ధైర్యం చాలలేదు.

అక్క మళ్లీ అన్నిటికీ మందు పోస్తుందనుకున్నాడు. పోయలేదు. కానీ పేడ తీసే పని తనే చేతిలోకి తీసుకుంది. ప్రతి పశువు వెనకా తనే నిలబడి, తీసి, డబ్బాలో పెట్టి మూత బిగించేది. బీడులో గడ్డి ఒత్తుగా లేచింది. ఆ మాట అతను ఒకటి రెండుసార్లు అన్నాడు. ఆమె "ఊ" అని ఊరుకుంది.

పరీక్ష చేసే చోటు పట్నం అవతల ఉంది. బండి తను నడుపుతానని తమ్ముడు అడిగితే కాదనలేదు. వెనక చోటున్నా, డబ్బాల పెట్టె దారిపొడుగునా ఒళ్లోనే పెట్టుకుని కూర్చుంది. గతుకులొచ్చినప్పుడు అతను బండి నెమ్మది చేసి, పెట్టె పట్టుకోబోయి చెయ్యి చాచాడు.

"నువ్వు రోడ్డు చూడు," అంది ఆమె.