దీపం ముందు మాస్కు

అన్నపూర్ణమ్మకి మాట్లాడ్డానికి మనుషులు కావాలి. కెనడాలోని విండ్సర్‌లో కూతురు పద్మిని దగ్గరికొచ్చిన కొత్తల్లో, పొద్దున్నే అందరూ కార్లెక్కి వెళ్లిపోతే ఆవిడ కుక్కరుతో మాట్లాడుకునేది. ఆ తర్వాత పక్కింటి మెయ్‌లిన్ దొరికింది. ఈవిడ పెరట్లో గోంగూర, ఆమె పెరట్లో చిక్కుడు, మధ్యలో చెక్క కంచె. ఇద్దరిదీ వచ్చీరాని ఇంగ్లీషే కాబట్టి ఒకరి తప్పులు ఒకరికి తెలిసేవి కావు, కబుర్లు హాయిగా సాగిపోయేవి.

మెయ్‌లిన్ వాళ్ల దేశంలో ఒకటే పార్టీ. ఎర్రజెండా పార్టీ.

"మా బెజవాడలోనూ ఉన్నారులే ఎర్రజెండా వాళ్లు" అంది అన్నపూర్ణమ్మ ఓసారి గొప్పగా. "ఎలక్షన్లో ఓడిపోతారు, మళ్లీ ఐదేళ్లకి దణ్ణాలు పెట్టుకుంటూ వస్తారు. మంచివాళ్లే పాపం."

మెయ్‌లిన్ చేతిలో కత్తెర ఆగింది. "ఓడిపోతారా?"

"ఓడిపోరూ మరి?"

మెయ్‌లిన్ నవ్వింది. నవ్వి, సొంత పెరట్లోనే అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి చెప్పింది. అక్కడ ఊరికి మేయరుంటాడు, కానీ ఆయన లేచి నిలబడేది పక్కగదిలోంచి పార్టీ సెక్రటరీ వస్తుంటే. బడికి హెడ్మాస్టరుంటాడు, ఆయన మీదా ఓ సెక్రటరీ. ఆస్పత్రికైనా ఫ్యాక్టరీకైనా అంతే. ఏం చెయ్యాలో పైనుంచి ముందే వచ్చేస్తుంది, మీటింగు పెట్టేది చేతులెత్తడానికే. ఇక వీధికో కమిటీ. ఎవరింట్లో ఎవరు దగ్గారో కూడా ఆ కమిటీ ఆవిడకి తెలుసు.

"పోలీసావిడా?"

"కాదాంటీ. మంచావిడ. చిన్నప్పుడు నాకు జడలేసేది."

మెయ్‌లిన్ తమ్ముడు అక్కడే బడిపంతులు. అతన్ని చూసి ఏళ్లయింది. ఈ వేసవికి వస్తున్నాడని ఆమె అప్పుడే గది సర్ది, మంచం పక్కన కొత్త చెప్పులు కూడా పెట్టింది. ఒకటే అడ్డం. పంతుళ్ల పాస్‌పోర్టులు బడి బీరువాలో ఉంటాయట. సెక్రటరీ ఊ అంటేనే చేతికిస్తారు.

చలి ఇంకా పోని రోజుల్లో, మెయ్‌లిన్ వాళ్ల ఊళ్లో బట్టల ఫ్యాక్టరీ తగలబడింది. తలుపులకి తాళాలేసి ఉన్నాయి. పోయిన ఆడవాళ్లలో మెయ్‌లిన్‌తో చదువుకున్నామె ఉంది. అక్కడ పేపర్లో రెండు ముక్కలొచ్చి, మర్నాటికి అవీ లేవు. ఇక్కడ చదువుకునే వాళ్ల దేశం స్టూడెంట్లు సాయంత్రం నది ఒడ్డున దీపాలు పెడుతున్నారని తెలిసినా మెయ్‌లిన్ కదల్లేదు.

"పోయినవాళ్లకి దీపం పెట్టడానికి ఒకళ్ల పర్మిషనేంటి? పద" అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది అన్నపూర్ణమ్మ.

మెయ్‌లిన్ టోపీ, మాస్కు పెట్టుకునొచ్చింది. అక్కడి పిల్లలూ అంతే. నదిగాలికి కాబోలనుకుంది అన్నపూర్ణమ్మ. కార్తీకంలో మిగిలిన ప్రమిద గాజుసీసాలో పెట్టి వెలిగించింది. మెయ్‌లిన్ వంగి దణ్ణం పెట్టబోతుంటే, "దీపం ముందు ముఖం కప్పుకోకూడదమ్మా" అంటూ, పసిపిల్ల ముక్కు తుడిచినట్టు, తన చేత్తోనే ఆ మాస్కు కిందికి లాగింది.

మెయ్‌లిన్ కళ్లు చూశాక గానీ అది చలికి పెట్టుకున్నది కాదని అర్థంకాలేదు. కాస్త దూరంలో ఎవరో ఫోను ఎత్తి పట్టుకుని ఉన్నారు.

ఆ వారంలోనే, మెయ్‌లిన్ వంటింట్లో ఇద్దరూ చిక్కుళ్లు ఒలుస్తుంటే వీడియో కాల్ వచ్చింది. అవతల ఓ పెద్దావిడ, మెత్తటి గొంతు. మెయ్‌లిన్ నిటారుగా కూర్చుని, అయ్యేదాకా నవ్వుతూనే ఉంది.

"మా వీధి కమిటీ ఆవిడ. చిక్కిపోయావంది. చలిలో నది ఒడ్డున తిరగొద్దంది. తమ్ముడి పాస్‌పోర్టు సంగతి సెక్రటరీ గారు చూస్తున్నారంది."

"మంచి మాటలేగా."

"అన్నీ మంచి మాటలే. మళ్లీ దీపాలు పెడితే నన్ను తప్పకుండా వెళ్లమంది. తర్వాత టీ తాగడానికి పిల్లలు మాస్కులు తీస్తారు కదా, అప్పుడు ఫొటోలు తీసి పంపమంది."

అన్నపూర్ణమ్మ చిక్కుళ్ల గిన్నె పక్కకి నెట్టింది. "పోలీసులకి చెబుదాం. ఇది కెనడా."

"చెబుదాం. వాళ్లు నా ఇంటికొస్తారు. తమ్ముడింటికి ఎవరెళ్తారాంటీ?"

తర్వాతి ఆదివారం దీపాలయ్యాక పిల్లలు టీ కోసం మాస్కులు దించారు. మెయ్‌లిన్ ఫోను ఎత్తింది. అన్నపూర్ణమ్మ గబగబా నడిచొచ్చి, శాలువా రెండువైపులా బారుగా చాపి, పిల్లలకీ ఫోనుకీ మధ్య నిలబడింది.

"నన్ను తియ్యి. నాకక్కడ ఎవరూ లేరు."

మెయ్‌లిన్ తీసింది. ఫొటో నిండా అన్నపూర్ణమ్మే. అదే పంపింది.

రెండ్రోజుల తర్వాత మెయ్‌లిన్ కంచె దగ్గరకొచ్చింది.

"ఫోను చేసిందాంటీ. ఫొటో బావుందంది."

"నేనెవరని అడిగిందా?"

"అడగలేదు. పక్కింటి అన్నపూర్ణ గారికి నమస్కారం చెప్పమంది. మీ పేరు నేనెప్పుడూ చెప్పలేదు."

అన్నపూర్ణమ్మకి గోంగూర మడిలోంచి లేవబుద్ధి కాలేదు. "పాస్‌పోర్టో?"

"చూస్తున్నారట. ఈసారి కొంచెం పక్కకి జరిగి తియ్యమంది."