పిక్క తెంపిన పండ్లు

గౌరి జ్వరంతో పోలేదు. ధనరాజు చంపాడు. ఇందులో కొత్తగా తేల్చాల్సింది ఏమీ లేదు. డాక్టరు రాసింది అబద్ధం. పోలీసులు నమ్మామన్నది అబద్ధం. ఫ్యాక్టరీ గేటు దగ్గర తుండుగుడ్డతో కళ్లు ఒత్తుకున్న ధనరాజు దుఃఖం అన్నిటికన్నా పెద్ద అబద్ధం. ఆమె మొగుడు లోకనాథం ఈ సంగతి ఆ పొద్దునే తేల్చేసుకున్నాడు. తర్వాత ఎవరెంత సర్దిచెప్పినా మార్చుకోలేదు.

గౌరి పల్లెవాళ్లంతా ఆ ఇనుపగేటు వెనక్కి ఎలా వెళ్లారో ముందు చెప్పాలి.

తొంభై తొమ్మిది తుఫాను తోటల సీమ ఉద్దానాన్ని నేలకు పరిచేసింది. బారువకు ఇవతల, ఇసుకనేలలో ఉన్న వాళ్ల పల్లెలో నిలబడ్డ కొబ్బరిచెట్టు లేదు. తాతలు వేసిన జీడితోటలు వేళ్లు పైకి లేచి ఒరిగిపోయాయి. సర్కారు బియ్యం ఇంకా దారిలో ఉండగానే ధనరాజు లారీ వచ్చింది. పలాస శివార్లలో జీడిపిక్కల ఫ్యాక్టరీ అతనిది. బస్తాలు దింపించి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ముందు తినండి. అప్పని కాదు, కాయితాలొద్దు. నాకు మీ మాట చాలు" అన్నాడు.

ఆ ఊళ్లో మాటంటే ఒకటే పద్ధతి. అమ్మవారి ముందు కర్పూరం వెలిగించి, అది మండుతుండగా అరచేత్తో ఆర్పాలి. మాట తప్పితే అమ్మవారు ఆర్పినవాణ్ణి కాదు, ఊరినే పట్టుకుంటుందని నమ్మకం. ఊరి పెద్ద పోలారావు అందరి తరఫునా ఆర్పాడు.

"మా తోటలు మళ్లీ కాపుకొచ్చేదాకా నీ పిక్కలే కొడతాం. ఇంకొకడి గడప తొక్కం" అన్నాడు.

మంచి మాటే అనిపించింది. తోట ఎప్పటికైనా కాస్తుంది కదా. కాసిందో లేదో చూడటానికి మనిషి తోటలో ఉండాలని ఆ ఆకలిలో ఎవరికీ తట్టలేదు. ధనరాజుకు తట్టింది.

ఫ్యాక్టరీ ప్రహరీ మీద గాజుపెంకులు. లోపల రేకుల షెడ్లు. ఆ షెడ్లలోనే పని, ఆ షెడ్ల వెనకే కాపురం. మగవాళ్లు పిక్కలు వేయించే డ్రమ్ముల దగ్గర, ఆడవాళ్లు పీటల మీద. చేతులకు బూడిద పూసుకుని ఒక్కో పిక్కనూ కొయ్యసుత్తితో పగలగొట్టి పప్పు తీయాలి. పెంకులోంచి కారే సొన బూడిదను దాటుకుని వేళ్లను తినేసేది. అన్నం కలుపుకుంటే మంట. కూలి అడిగితే తిన్నదాంట్లోకి పోయిందనేవారు. ఎంత తిన్నారో, ఎప్పటికి తీరుతుందో చెప్పేవాడు లేడు.

మేస్త్రీ పేరు సూర్యం. పని దిగేటప్పుడు ఆడవాళ్లను వరసలో నిలబెట్టి నోళ్లు తెరిపించేవాడు. పప్పు దాచుకున్నారేమోనని, సంతలో ఎద్దుకు పళ్లు చూసినట్టు బుగ్గల్లో వేలు పెట్టి చూసేవాడు. కొప్పులు విప్పించేవాడు. మనుషులకు పేర్లు తీసేశాడు. కూర్చునే పీటకు అంకె ఉంది, ఆ అంకే మనిషి. గౌరి పదకొండు. ఒక మనిషికి నొప్పులొస్తే "ఏడో పీట ఖాళీ" అని కేకేసి ఇంకొకరిని కూర్చోబెట్టాడు. పుట్టిన బిడ్డ బతికిందా లేదా అని అడగలేదు.

ఒకసారి ఎవరో అర్జీ పెడితే కార్మికశాఖ ఆఫీసరు వచ్చాడు. లోకనాథమే ముందుకెళ్లి మాట్లాడాడు.

"అప్పు ఎంత తీసుకున్నారు?" అన్నాడు ఆఫీసరు.

"అప్పు కాదండి. మాట."

"కాగితం ఉందా?"

"నేదండి."

"కట్టేసి పని చేయిస్తున్నారా? గొలుసులేమైనా ఉన్నాయా?"

"గేటుకి తాలమండి."

"దొంగల భయం ఉన్నవాడు తాళం వేసుకోడా?"

చట్టంలో అప్పుకు చోటుంది, మాటకు చోటు లేదట. ఆఫీసరు టీ తాగాడు, గుండు జీడిపప్పు పొట్లం పట్టుకుని జీపెక్కాడు. లోకనాథం డ్రమ్ము దగ్గరికి తిరిగొచ్చాడు.

"గేటు విరగ్గొట్టుకుని పోదాం మావా" అనేవాడు పోలారావుతో.

"ఆర్పిన సెయ్యి నాదిరా. తోట కాయకుండా కదిలితే అమ్మోరు ఊరిని మింగేత్తాది."

"తోట కాసిందని ఎవుడు సెప్తాడు? ధనరాజా?"

"అమ్మోరే సెప్తాది."

అమ్మవారు చెప్పలేదు. గౌరి చెప్పింది.

తుఫాను తర్వాత మూడో వేసవిలో గౌరి తల్లి కన్నమ్మ ఊళ్లో పోయింది. ముసలిదని ఆవిణ్ణి మాత్రం లోపలికి తీసుకోలేదు. మొగుణ్ణి లోపల ఉంచుకుని పెళ్లాన్ని పంపారు. అది వాళ్ల రూలు. దహనం అయ్యాక గౌరి తోటలోకి వెళ్లింది. మర్నాడు సాయంత్రం తిరిగొచ్చింది. గేటు దగ్గర సూర్యం కొంగు విప్పిస్తే ఎర్రటి జీడిపండు దొరికింది, కింద పిక్కతో సహా.

"పిక్కల దొంగా!" అని అరిచాడు సూర్యం. డ్రమ్ముల దగ్గరున్న లోకనాథం తల తిప్పి చూశాడు.

"దొంగేటి బాబూ, కళ్లు పెట్టి సూడు" అంది గౌరి. "పండుతోనే ఉంది. మీ ఫ్యాక్టరీకి బస్తాల్లో ఒట్టి పిక్కలొత్తాయి గానీ పండ్లొత్తాయేటి? ఇది మా తోటది. పడిపోయిన సెట్లే ఏరు పట్టుకుని సిగిర్లేసినాయి. కాసినాయి. ఓలమ్మా, ఇనండర్రా, కాసినాయి! తోటంతా పండ్లే. ఎవురో మన..."

సూర్యం ఆమె నోరు నొక్కేశాడు. ఆఫీసు గదిలోంచి ధనరాజు దిగివచ్చాడు. పండును చూశాడు. గౌరిని తిట్టలేదు, కొట్టలేదు. పండును కాలికింద పెట్టి నలిపి, "తొక్కల గదిలో ఉంచండి. రాత్రికి బుద్ధొస్తాది" అన్నాడు.

తొక్కల గది అంటే, పగలంతా కాలిన పెంకుల్ని వేడివేడిగా పోసే గది. కిటికీ లేదు. ఆ పొగలో నిముషం నిలబడితే కళ్లు మూసుకుపోతాయి. లోకనాథం పార తీసుకుని తలుపు మీదికి ఉరికాడు. కాపలావాళ్లు పట్టుకుని షెడ్డు స్తంభానికి కట్టేశారు. గదిలోంచి గౌరి దగ్గు వినిపిస్తూనే ఉంది. లోకనాథం గొంతు చిరిగేలా అరిచాడు. అందరూ ఉన్నారు. ఒక్కరూ లేవలేదు.

"పొద్దున్న తీత్తారులే. ఊరుకోరా" అన్నాడు పోలారావు.

పొద్దున్న తీశారు. గౌరి తలుపు దగ్గర బోర్లా పడి ఉంది. వేలిగోళ్లలో చెక్కపేళ్లు.

డాక్టరు వచ్చి జ్వరమని రాశాడు. ధనరాజు కళ్లొత్తుకుని, "శవానికి నలుగురు చాలు. మిగతావాళ్లు పనిలో కూర్చోండి. తోడుగా సూర్యం మనిషి వస్తాడు" అన్నాడు. సూర్యం అప్పటికే నాగమణి అనే ఇంకో కూలిని లేపి గౌరి పీట మీద కూర్చోబెట్టాడు.

ఫ్యాక్టరీ లారీలో తీసుకెళ్లి ఊళ్లో కాల్చారు. మోసినవాళ్లలో పోలారావు ఉన్నాడు. చితి ఆరకముందే లోకనాథం అతని చెయ్యి పట్టుకుని తోటలోకి లాక్కెళ్లాడు. కాపలాకు వచ్చినవాడు వెంటపడితే లోకనాథం వాడి వైపు ఒక్క చూపు చూశాడు. వాడు ఆగిపోయాడు.

గౌరి చెప్పింది నిజం. ఒరిగిన మానులు ఒరిగినచోటే కొమ్మలు లేపాయి. చెట్లకింద ఇసుక కనపడకుండా పండ్లు. ఎర్రవి, పచ్చవి, పులిసి ఈగలు ముసిరినవి. పోలారావు ఒకటి తీశాడు. ఇంకొకటి తీశాడు. కూలబడి చేతికందినవన్నీ తిరగేశాడు. ఒక్కదానికీ పిక్క లేదు. ఎవరో చేత్తో మెలితిప్పి తెంపుకుని పండ్లు పారేశారు. ఇసుకలో లారీ చక్రాల చాళ్లు.

"ఎవురో మన పిక్కలు పట్టుకుపోతన్నారని సెప్పబోయింది" అన్నాడు లోకనాథం. "నోరు నొక్కేసినాడు."

పోలారావు చేతిలో పండును ఇసుకలో పడేశాడు. తర్వాత నవ్వాడు. ఆ నవ్వు వింటే లోకనాథానికి అతన్ని కొట్టాలనిపించింది.

"మన పిక్కలేరా మనం కొట్టింది. మన తోట కాసిందిరా, ఆ కాపునే మన సేత కొట్టించినాడు. ఆడు నన్ను కాదు, అమ్మోరినే మోసం సేసినాడు."

"నీకు ఇప్పుడు తెలిసిందేటి మావా?"

"తెలిసింది."

"నిన్న తెలిస్తే బతికేది."

లోకనాథం ఆ మాటను వెనక్కి తీసుకోలేదు. అప్పుడూ, తర్వాత కూడా.

మందస నుంచి పలాస వెళ్లే బస్సు పట్టుకుని మిట్టమధ్యాహ్నానికి ఫ్యాక్టరీకి వచ్చారు. లోకనాథం లోపలికి వెళ్లలేదు. బయటే నిలబడి గేటు ఊచలు రెండు చేతులా పట్టుకుని ఊపాడు. షెడ్లలో సుత్తుల చప్పుడు ఆగింది. ఆడా మగా గేటు దగ్గరికి వచ్చారు. పక్క ఫ్యాక్టరీలోంచి అన్నానికి వచ్చిన ఆడవాళ్లు రోడ్డు మీద ఆగిపోయారు.

"ఒక్కసారే సెప్తాను. ఇనండి" అన్నాడు.

చెప్పాడు. దగ్గు ఎలా వినిపించిందో చెప్పాడు. గోళ్లలో ఏముందో చెప్పాడు. లేవనివాళ్లను పేరుపేరునా పిలిచి చెప్పాడు. తోటలో ఏం చూశాడో చెప్పాడు. ఏడవలేదు. పోలారావు ముందుకొచ్చి ఊచల్లోంచి కుడిచెయ్యి లోపలికి చాపాడు.

"కర్పూరం ఆర్పింది ఈ సెయ్యే. మాట తీరిపోనాది. మీరు కొడతన్నవి మీ పిక్కలే."

లోపల గొడవ లేచింది.

"బాబునోసారి అడిగితే..." అన్నాడు ఒకడు.

"ఏటడుగుతావు? నోరు తెరవమంటే తెరుత్తావు, అంతేగా నీకొచ్చింది!" అంది నాగమణి.

"బయటికెల్తే తిండేటే?"

"లోన తింతన్నదేటి? నీ సేతులు సూసుకో. కుక్క కూడా నాకదు."

"పోలీసులొత్తారు."

"రానీ. గౌరి తలుపు గీకినప్పుడు రానోల్లు ఇప్పుడొత్తారేటి? వత్తే మంచిదే, మొకం సూద్దాం."

సూర్యం కర్ర పట్టుకుని వచ్చాడు. "పదకొండూ! ఎల్లి కూకో!"

నాగమణి వెనక్కి తిరిగింది. సుత్తి చేతిలోనే ఉంది. "పదకొండుని నిన్న సంపేసినారు కదా. సచ్చినోల్లని మళ్లీ కూకోమంటావేటి?"

ఎవరు ముందు తోశారో తెలియదు. గేటు తుప్పు పట్టిన మడతబందుల మీద మూలిగింది. లోపలివాళ్లు తోశారు, బయట నుంచి లోకనాథం, పోలారావు, రోడ్డు మీది ఆడవాళ్లు లాగారు. గేటు పడింది. కర్ర జారిపోయిన సూర్యం గోడకు అతుక్కుని దండం పెట్టాడు. బతిమాలుకుందామంటే వాడికి ఒక్కరి పేరూ తెలియదు. "ఏడూ, ఓ ఏడమ్మా..." అన్నాడు. ఆమె వాడి మీద ఉమ్మేసి పోయింది.

ధనరాజు వెనక గోడ దూకి పారిపోయాడు. గాజుపెంకులకు పంచె చిరిగి వేలాడింది. ఆడవాళ్లు అది చూసి నవ్వారు. ఆ షెడ్లలో అంతమంది కలిసి నవ్వడం అదే మొదలు. లోకనాథం నవ్వలేదు. తొక్కల గది తలుపును పారతో పెకలించి, మోసుకొచ్చి రోడ్డుకు అడ్డంగా పడేశాడు. దాని మీద పిక్కల బస్తాలు పేర్చారు. లారీలు ఆగిపోయాయి.

పోలీసులు వచ్చారు. ఎస్సై బస్తాను బూటుకాలితో తన్నాడు.

"దొంగసొత్తు. ఎవరివిరా ఈ పిక్కలు?"

"మాయి" అన్నాడు పోలారావు.

"మాయి" అంది నాగమణి.

వెనక ఉన్నవాళ్లంతా అదే అన్నారు. లాఠీలు లేచాయి. పోలారావు తల పగిలింది. అతన్నీ, నాగమణినీ, లోకనాథాన్నీ వ్యానులో కుక్కారు. వాళ్ల పిక్కల్ని వాళ్లే దొంగిలించారని కేసు రాశారు. ధనరాజు మీద కేసు లేదు. ఇంతవరకూ లేదు. జ్వరం మనిషిని చంపితే ఎవరి మీద రాస్తారు?

కానీ ఆ సాయంత్రం పక్క ఫ్యాక్టరీ ఆడవాళ్లు నోళ్లు తెరవలేదు. వాళ్ల మేస్త్రీ వేలు చాపితే ఒకామె కొరికింది. మర్నాడు ఇంకో రెండు ఫ్యాక్టరీల్లో సుత్తులు లేవలేదు. వాళ్లంతా కలిసి పోలీసుస్టేషను ముందు కూర్చున్నారు. ఎండకు కాలుతూ కూర్చున్నారు. ముగ్గుర్నీ వదిలేదాకా కదలలేదు.

పల్లెవాళ్లు తోటలకు తిరిగి వెళ్లారు. కాపు రోజుల్లో కత్తులు పట్టుకుని వంతులవారీగా కాపలా ఉన్నారు. పలాసలో గేట్ల దగ్గర గొడవలు ఆగలేదు. ఒకచోట తాళం తీశారు, ఇంకోచోట కొత్త తాళం వేశారు. తీయించాల్సినవి చాలా మిగిలాయి.

ఏడాది తిరిగాక కాలేజీ పిల్లలు, సంఘం వాళ్లు వచ్చారు. గౌరి పేరుతో సభ పెడుతున్నామన్నారు. లోకనాథం తోటకు ముళ్లకంచె కడుతున్నాడు. నాగమణి కూడా వాళ్లతో వచ్చింది.

"నువ్వు సెప్తేనే జనానికి తగుల్తాది బావా" అంది.

"ఆ దినం గేటుకాడ సెప్పాను."

"రానోల్లు చాలామంది ఉన్నారు కదా."

"నాను మీటింగులో సెప్తాను. ఆల్లు ఏడుత్తారు. ఏడిసినాక ఏదో సేసేసినట్టుంటాది ఆల్లకి. టీ తాగి ఎల్లిపోతారు." ముల్లు గుచ్చుకున్న వేలిని నోట్లో పెట్టుకుని తీశాడు. "దగ్గు ఇన్నోల్లే లేవనేదు. మాట ఇన్నోల్లు లేత్తారేటి?"

"మరి లేసినాం కదా బావా" అంది నాగమణి.

లోకనాథం ఆమె వైపు చూశాడు.

"ఏ ఫ్యాక్టరీ గేటుకి ఇంకా తాలం ఉందో సెప్పండి. పార పట్టుకుని వత్తాను. ఈ మాట మట్టుకు నన్నింకెప్పుడూ అడగొద్దు."

వాళ్లు ఒక పేరు చెప్పారు. లోకనాథం కంచె వదిలి పార తీసుకుని వాళ్లతో నడిచాడు. గౌరి సంగతి ఆ దారిలో ఎత్తలేదు. ఆ తర్వాతా ఎత్తలేదు. ఇక ఎత్తడు.