ఆఖరున ఉండటానికి వచ్చిన మొగుడు

మట్టి పాఠాలు చెప్పే మాస్టారి తరగతిలో మొదటివాళ్లకు ఏ గ్రేడు, ఆఖరివాళ్లకు డి. అందరూ బాగా రాసినా ఎవరో ఒకరు ఆఖరున ఉండాల్సిందే. అందుకని కాలేజీ అంతా పక్కగదిలోని పూలకుండీల కోర్సుకు ఎగబడింది. అక్కడ మొక్క బతికినా ఏ, ఎండినా ఏ.

ఆ కాలేజీలోనే ఒకమ్మాయికి మాత్రం మట్టే కావాలి. భూసార పరిశోధనశాలలో సీటు రావాలంటే ఈ కోర్సులో బి తప్పనిసరి. పరీక్ష అంటే ఆమెకు భయం. ఆలోచించి, అదే కాలేజీలో లెక్కలు చదువుతున్న కొత్త మొగుణ్ణి పట్టుకుంది.

"ఏవండీ, ఈ కోర్సులో చేరి నా కింద ఉంటారా?"

"పెళ్లైన దగ్గర్నుంచీ అక్కడే ఉన్నాగా."

చేరాడు. తడిమట్టిని బొటనవేలితో నొక్కి పట్టీలా సాగదీయాలి. పట్టీ ఎంత పొడవు సాగితే అంత బంకమట్టి ఉన్నట్టు. ఇంట్లో పిండి కలిపేది అతనే. అతని పట్టీ బల్ల అంచు దాటి వేలాడింది. మొదటి పరీక్షలో అతనే ఫస్టు.

ఆఖరున ఉన్న కుర్రాడు భయపడి మానేశాడు. దాంతో వాడి ముందున్న అమ్మాయి ఆఖరుకు వచ్చింది. ఆ అమ్మాయీ తోక ముడిచింది. అలా ఒక్కొక్కరే జారుకుని, చివరికి మొగుడూ పెళ్లామే మిగిలారు. అతను మొదట, ఆమె ఆఖరున.

"ఇందుకేనా మిమ్మల్ని తెచ్చుకుంది?"

"తప్పు చేద్దామనే చూశానే. వేళ్లు మాట వినడం లేదు."

మర్నాడు అతను మాస్టారి దగ్గరకు వెళ్లాడు.

"సార్, నేను మానేస్తాను."

మాస్టారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నువ్వూ పోతే ఆ అమ్మాయిని ఎవరితో పోల్చనయ్యా? మొదటా తనే, ఆఖరునా తనే."

"మరెలా సార్?"

"ఇన్నాళ్లూ రెండు పేపర్లు పక్కపక్కన పెట్టి ఏది మెరుగో చూసేవాణ్ణి. ఇప్పుడు కూర్చుని చదవాలి," అన్నాడు మాస్టారు దిగులుగా.

అతను మానేశాక మాస్టారు ఆమె పేపరు చదివాడు. బి ఇచ్చాడు. మూడో జవాబు పక్కన 'ఇది ఇన్నాళ్లూ నాకే తెలియదు' అని రాశాడు.

ఆమె ఆ పేపరు పట్టుకుని ఇల్లంతా తిరిగింది. వంటింట్లో మొగుడు పిండి కలుపుతున్నాడు. ఆమె ఆ వాక్యం పైకి చదివి వినిపించింది. అతను చిటికెడు పిండి తీసి, బొటనవేలితో నొక్కి, సాగదీసి చూశాడు.

"బంకమట్టి తక్కువే," అన్నాడు. "తినొచ్చు."